స్టీరింగ్ పట్టిన మనిషికి బీమా: కొడకండ్ల మండల టాక్సీ డ్రైవర్ల వినతిపత్రం

గౌరవనీయులైన జనగామ జిల్లా కలెక్టరు, జిల్లా రహదారి భద్రతా కమిటీ అధ్యక్షుల వారికి,

కొడకండ్ల మండలంలో కిరాయి కార్లు, మ్యాక్సీ క్యాబ్‌లు నడుపుకొని బతికే డ్రైవర్లు, సొంత బండి నడుపుకొనే ఓనర్లు కలిసి ప్రజావాణిలో సమర్పించే వినతిపత్రం.

విషయం: వాహన బీమాలో టాక్సీ డ్రైవర్లకు ఉన్న రక్షణను తెలుగులో, రాతపూర్వకంగా తెలియజేయించడం; బండి నడిపే మనిషికి ప్రమాద బీమా ఖాయం చేయడం; క్లెయిముల్లో చట్టం పెట్టిన గడువులను అమలు చేయించడం గురించి.

ఆర్యా,

మా మండలం రైతులది, నేతకార్మికులది. మాలో చాలామందిమి ఆ రెండు రకాల ఇండ్ల నుంచే వచ్చి స్టీరింగ్ పట్టాము. కొడకండ్ల అడ్డా నుంచి మా బండ్లు జనగామ రైల్వే స్టేషనుకు, తొర్రూరుకు, వరంగల్ ఎంజీఎం దవాఖానకు, శంషాబాద్ విమానాశ్రయానికి పోతాయి. పాలకుర్తి సోమేశ్వరుని దగ్గరికి, కొమురవెల్లికి, యాదగిరిగుట్టకు మొక్కులు తీర్చుకునేవారిని తీసుకుపోతాయి. రెండేండ్లకోసారి మేడారం జాతర వస్తే నిద్ర లేకుండా తిరుగుతాయి. అర్ధరాత్రి ఊళ్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే 108 తరువాత జనం చేసే ఫోన్ మాకే.

ఈ పనికి ఏటా మేము కట్టే బీమా ప్రీమియం చిన్నది కాదు. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్లలో 1000 నుంచి 1500 సీసీ ఇంజను గల సొంతవాడకం కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. అంతే ఇంజనున్న టాక్సీకి 7,940 రూపాయలు, దానిపై ఒక్కో ప్రయాణికుడికి 978 రూపాయలు. నలుగురు ప్రయాణికుల బండికి 11,852 రూపాయలు అవుతుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే పద్నాలుగు వేలకు చేరువ. బండి డ్యామేజీకి కట్టేది దీనికి అదనం. కిరాయి బండి రోజంతా రోడ్డు మీద ఉంటుంది కాబట్టి రేటు ఎక్కువగా ఉండటంలో న్యాయం ఉందని మేము ఒప్పుకుంటున్నాము. ఆ రేటు తగ్గించమని ఈ పత్రంలో అడగడం లేదు. ఇంత కట్టిన తరువాత ప్రమాదం జరిగితే ఎవరికి ఏమి అందుతుందో కట్టేనాడే మాకు తెలియాలి. అందవలసింది గడువులోగా అందాలి. మా కోరికలన్నీ ఈ రెంటి చుట్టూనే ఉన్నాయి.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ పాలసీ రోడ్డు మీద ఎదుటివారిని కాపాడుతుంది, మా బండిలో కూర్చున్న ప్రయాణికులను కాపాడుతుంది. బండి నడిపే మనిషి దృష్ట్యా చూస్తే దానిలో పెద్ద ఖాళీ ఉంది. ఎదుటి బండి తప్పుంటే ఆ బండి పాలసీ మీద డ్రైవరు పరిహారం అడగవచ్చు. తప్పు తనదే అయినప్పుడు, లేక అసలు రెండో బండే లేనప్పుడు అతను ఎవరిని అడగాలి? మా రోడ్ల మీద ఇది తరచుగా వచ్చే ప్రశ్న. వానకాలం, యాసంగి కోతలప్పుడు తారురోడ్డు సగం వడ్ల కుప్పలే ఉంటాయి. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రిపూట బండి లైట్లకు కనబడేసరికి ఆలస్యమవుతుంది. రోడ్డును ఆనుకొని అడ్డుగోడ లేని వ్యవసాయ బావులు ఉన్నాయి. 2020 అక్టోబరులో వరంగల్ జిల్లా సంగెం మండలం గవిచర్ల దగ్గర ప్రయాణికుల జీపు అలాంటి బావిలోనే పడింది. బర్రె అడ్డం వచ్చి చెట్టుకు గుద్దిన బండికి, చెరువు కట్ట మీంచి జారిన బండికి ఎదుటి పార్టీ ఉండదు.

ఈ ఖాళీని పూడ్చడానికి నిబంధనలు ఉన్నాయి. అవి ఎవరికి వర్తిస్తాయన్నది మా అడ్డాలో సగం మందికి తెలియదు. అందుకే ఈ సంగతి కొంత వివరంగా మనవి చేస్తున్నాము.

బండి తనదే, నడిపేదీ తానే అయినవారికి ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. 2018లో బీమా నియంత్రణ సంస్థ దీన్ని 15 లక్షల రూపాయలకు పెంచింది. చనిపోతే, రెండు కండ్లో రెండు కాళ్లో పోతే మొత్తం సొమ్ము వస్తుంది. ఒక కన్నో, ఒక కాలో పోతే సగం వస్తుంది. దవాఖాన ఖర్చులు, మంచాన పడ్డ రోజుల కూలి ఇందులో రావు. షరతు ఏమిటంటే ఆర్సీలో ఉన్న పేరు, పాలసీలో ఉన్న పేరు, చెల్లుబాటు లైసెన్సులో ఉన్న పేరు ఒకే మనిషివి కావాలి. మా దగ్గర ఎన్నో బండ్లకు అలా ఉండదు. ఫైనాన్సు సులువుగా దొరుకుతుందని భార్య పేరు మీద తీస్తారు, భర్త నడుపుతాడు. తండ్రి పేరు మీద ఉన్న బండిని కొడుకు నడుపుతాడు. సెకండ్ హ్యాండులో కొన్న బండి ఏండ్ల తరబడి పాత ఓనరు పేరు మీదే ఉంటుంది. ఆర్సీలో పేరున్న మనిషికి లైసెన్సు ఉండదు, లైసెన్సున్న మనిషి పేరు ఆర్సీలో ఉండదు. ఆ ఇంట్లో ప్రీమియం ఎంత కట్టినా స్టీరింగ్ పట్టిన మనిషికి 15 లక్షల రక్షణ అందదు.

దోస్తు బండి అడిగి తీసుకొని ఒక కిరాయి కొట్టి వచ్చేవారి స్థితి ఇంకా కష్టం. 2009లో నింగమ్మ కేసులో, 2020లో రామ్‌ఖిలాడీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ప్రకారం, అడిగి తీసుకున్న బండిని నడిపే మనిషి యజమాని స్థానంలోకి వస్తాడు. కాబట్టి ఆ బండి థర్డ్ పార్టీ పాలసీ మీదే అతను గానీ అతని వారసులు గానీ పరిహారం కోరలేరు.

ఇక జీతానికి నడిపే డ్రైవరు. పాలసీ షెడ్యూలులో పెయిడ్ డ్రైవరుకు చట్టబద్ధ బాధ్యత అనే పద్దు ఒకటి ఉంటుంది. దాని ఖరీదు ఏడాదికి మనిషికి 50 రూపాయలు. ఆ పద్దు ఉంటే పనిలో ఉండగా జరిగిన ప్రమాదానికి ఓనరు ఇవ్వవలసిన పరిహారాన్ని బీమా సంస్థ భరిస్తుంది. తప్పు ఎవరిదన్న పేచీ కూడా అక్కడ ఉండదు. ఉద్యోగుల పరిహార చట్టం లెక్కలో, నెలకు 15,000 రూపాయల జీతంతో 30 ఏండ్ల డ్రైవరు చనిపోతే, జీతంలో సగాన్ని ఆ వయస్సుకు నిర్ణయించిన 207.98తో హెచ్చవేయాలి. కుటుంబానికి 15,59,850 రూపాయలు వస్తాయి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి వచ్చినా లెక్క కట్టే తీరు అదే. పెండ్లి బండికి కట్టే పూలదండంత ఖర్చు లేని పద్దు ఇది. అయినా అది ఉన్నదీ లేనిదీ ఓనరు చూడడు, ఏజెంటు చెప్పడు, డ్రైవరుకు ఆ కాగితమే చేతికి రాదు.

బండి డ్యామేజీ మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉందని నమ్మి షెడ్డుకు పోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగమే లెక్క కడతారు. ఈ సంగతి బిల్లు చూశాకే తెలుస్తోంది. ప్రయాణికుల విషయం మాత్రం పెద్దది. ప్రీమియం సీటుకింతని కట్టాము కనుక రక్షణా అన్ని సీట్లకే. 2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు, పాలసీలో ఉన్న ప్రయాణికుల సంఖ్య మేరకే బీమా సంస్థ బాధ్యత అని చెప్పింది. జాతర రద్దీలో ఇద్దరిని ఎక్కువ ఎక్కించుకున్న ఓనరు తన ఇల్లూ పొలమూ ఆ ఇద్దరి మీద పందెం పెట్టినట్టే. ఈ మాట మేము మా తోటివారికి గట్టిగానే చెబుతున్నాము.

మా మండలంలోనే, పక్కపక్క ఇండ్లలో, వేరే తీరు బీమా ఎలా పనిచేస్తుందో మేము చూస్తున్నాము. 2018 ఆగస్టు నుంచి రైతుబీమా ఉంది. ప్రీమియం ప్రభుత్వం కడుతుంది, 18 నుంచి 59 ఏండ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి, కాగితాలు వ్యవసాయ విస్తరణ అధికారి చూసుకుంటారు. 2022 ఆగస్టు 7న నేతన్న బీమా అదే మొత్తంతో మొదలైంది. ఆ కుటుంబాలు కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం లేదు. భూమి లేని, మగ్గం వదిలేసిన టాక్సీ డ్రైవరు మాత్రం ఆ రెంటికీ బయటే ఉన్నాడు. వారికి అందుతున్నది చూసి మాకు సంతోషమే. పథకం సూటిగా ఉంటే ఎంత బాగా నడుస్తుందో అక్కడ రుజువైంది కనుక ప్రస్తావిస్తున్నాము.

పై పరిస్థితిని తమ పరిశీలనకు ఉంచి, కింది కోరికలను మన్నించవలసిందిగా కోరుతున్నాము.

1. ప్రతి టాక్సీ పాలసీతో పాటు ఒక పేజీ తెలుగు పత్రం ఇప్పించాలి. అందులో ఐదు ప్రశ్నలకు జవాబులుంటే చాలు: ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా ఉందా, ఉంటే ఎవరి పేరు మీద, పెయిడ్ డ్రైవరు పద్దు ఉందా, ఎంతమంది ప్రయాణికులకు ప్రీమియం కట్టారు, బండి డ్యామేజీకి రక్షణ ఉందా, ఉంటే బండి విలువ ఎంతగా రాశారు, ప్రమాదం జరిగితే ఏ నంబరుకు చెప్పాలి. కింద ఏజెంటు సంతకం, పాలసీదారు సంతకం ఉండాలి. సరళమైన సమాచార పత్రం పాలసీదారుకు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఇప్పటికే చెప్పింది. అది ఇంగ్లీషులో ఉంటే మాకు ఇచ్చినా ఇవ్వనట్టే. జిల్లాలో పాలసీలు అమ్మే సంస్థలను లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరు ద్వారా సమావేశపరచి ఈ పత్రం నమూనా ఖరారు చేయవచ్చు. దీనికి ఖర్చు కాగితం, సిరా మాత్రమే. ఫైనాన్సు ఉన్న బండ్ల పాలసీ కాపీ ఫైనాన్సు ఆఫీసులోనే ఉండిపోతోంది. కిస్తీ కట్టే మనిషికి అడిగిన వారం రోజుల్లో కాపీ ఇవ్వాలని ఆదేశించాలి.

2. ఫిట్‌నెస్‌కు వచ్చిన ప్రతి టాక్సీ పాలసీలో ఓనర్ డ్రైవర్, పెయిడ్ డ్రైవర్ పద్దులను రవాణా శాఖ పరిశీలించి, లేకపోతే ఓనరుకు నోటిమాటగా కాక కాగితం మీద తెలియజేయాలి. ఫిట్‌నెస్ ఆపమని మేము కోరడం లేదు. కొత్త బండికి రెండేండ్లకోసారి, ఎనిమిదేండ్లు దాటిన బండికి ఏటా ఈ తనిఖీ ఎలాగూ ఉంది. రెండు గళ్లు చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. ఆర్సీ ఒకరి పేరు మీద, స్టీరింగ్ మరొకరి చేతిలో ఉన్న బండ్ల కోసం కొడకండ్లలో ఒక రోజు యాజమాన్య బదిలీ శిబిరం పెట్టాలి. పేరు మార్పుకు ఫైనాన్సు సంస్థ అంగీకారపత్రం కావాలి కనుక వారి ప్రతినిధులను కూడా పిలిపించాలి. బదిలీ కుదరని చోట, నడిపే మనిషి పేరు మీద విడిగా ప్రమాద బీమా తీసుకునే దారిని అక్కడే చూపించాలి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏండ్ల ఎవరికైనా ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. మాలో దానిలో చేరనివారు ఒక్కరు కూడా మిగలకుండా ఆ రోజే చేర్చుకోవాలి.

3. రాష్ట్ర ప్రభుత్వ ప్రమాద బీమా టాక్సీ డ్రైవర్లకు ఈనాడు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలియజేయాలి. 2015లో రవాణా వాహనాల డ్రైవర్లు, హోంగార్డులు, వర్కింగ్ జర్నలిస్టులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమాను రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. 2023 డిసెంబరులో యాప్‌ల ఆధారంగా పనిచేసేవారికి అంతే మొత్తం ప్రకటించింది. హైదరాబాదులో యాప్ మీద బండి తిప్పే మా ఊరి పిల్లవాడు, అడ్డా మీద నిలబడి కిరాయి చూసుకునే అతని అన్న ఒకే లైసెన్సుతో ఒకే పని చేస్తున్నారు. ఒకరిని లెక్కలోకి తీసుకొని మరొకరిని విడిచిపెట్టడానికి కారణం మాకు కనబడటం లేదు. పథకం అమలులో ఉంటే జిల్లాలో ఎవరు దరఖాస్తు తీసుకుంటారో, ఏ కాగితాలు కావాలో మండల కార్యాలయంలో బోర్డు పెట్టించాలి. లేకుంటే, రవాణా వాహనం నడిపే ప్రతి డ్రైవరుకూ రైతుబీమా తరహాలో, ప్రీమియం ప్రభుత్వమే కట్టే బీమాను సిఫారసు చేస్తూ ప్రభుత్వానికి లేఖ రాయాలి. పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2025 అక్టోబరు 4న మొదలైన ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకంలో ఆటోలతో పాటు మోటారు క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. మేము నగదు అడగడం లేదు, మా తరువాత మా ఇల్లు నిలబడే ఏర్పాటు అడుగుతున్నాము.

4. ప్రమాదం తరువాత పోలీసులు నింపవలసిన పత్రాలను గడువులోగా నింపి, కాపీలు బాధితులకు, డ్రైవరుకు ఇప్పించాలి. 2022లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మొదటి ప్రమాద నివేదిక 48 గంటల్లో, మధ్యంతర నివేదిక 50 రోజుల్లో, సమగ్ర నివేదిక 90 రోజుల్లో మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునలుకు, బీమా సంస్థకు చేరాలి. డ్రైవరు, ఓనరు నింపవలసిన ఫారాలు విడిగా ఉన్నాయి. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు వీటి అమలుపై స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. ఈ నివేదికలు సకాలంలో పోతే బీమా సంస్థ తానే ముందుకు వచ్చి పరిహారం ప్రతిపాదించవలసి ఉంటుంది. అవి ఆగితే మధ్యవర్తులకు పని దొరుకుతుంది, వచ్చిన సొమ్ములో వాటా పోతుంది. ట్రిబ్యునలులో దరఖాస్తుకు మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ఆరు నెలల గడువు పెట్టింది. ఆ గడువుపై వాదాలు కోర్టుల్లో ఉన్నా, ఏడుపు ఆరని ఇంటికి ఆ సంగతి ముందే తెలియడం క్షేమం. అందువల్ల కొడకండ్ల, పాలకుర్తి, దేవరుప్పుల పోలీస్ స్టేషన్లలో ఈ ఫారాల తెలుగు ప్రతులు, గడువుల పట్టిక గోడ మీద ఉంచాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒక పారా లీగల్ వాలంటీరును మా మండలానికి కేటాయించాలి. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియని కేసుల్లో మృతికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు మంజూరు చేసే అధికారం తమ చేతిలోనే ఉంది. అలాంటి దరఖాస్తులు ఆర్డీఓ స్థాయిలో ఎన్నాళ్లుగా ఉన్నాయో ప్రతి నెలా సమీక్షించాలి.

5. ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహన) లైసెన్సు ఉన్న డ్రైవరును బ్యాడ్జి (రవాణా వాహనం నడిపే అనుమతి) లేదన్న కారణంతో తిప్పిపంపవద్దని బీమా సంస్థలకు, సర్వేయర్లకు తెలియజేయాలి. 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. ఆ తీర్పు తరువాత కూడా క్షేత్రస్థాయిలో పాత ప్రశ్నే వేస్తున్న సందర్భాలు మా అనుభవంలో ఉన్నాయి. తమ కార్యాలయం నుంచి వచ్చే ఒక్క సర్క్యులర్ ఈ చిక్కును తీరుస్తుంది.

6. వైట్ బోర్డు బండ్ల విషయం మేమే ముందుకు తెస్తున్నాము. సొంతవాడకం కింద రిజిస్టరైన బండిని కిరాయికి తిప్పడం తప్పు. అది పర్మిటు ఉన్న మా కడుపు కొడుతుంది, ఎక్కిన ప్రయాణికుడికీ ప్రమాదమే. పర్మిటు లేకపోవడం మౌలిక ఉల్లంఘన అని 2018లో అమృత్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటప్పుడు బీమా సంస్థ బాధితులకు చెల్లించి ఆ సొమ్మంతా ఓనరు నుంచి రాబట్టుకుంటుంది. కిరాయికి వెళ్లే ఊరి యువకుల్లో చాలామంది అప్పు చేసి బండి కొన్నవారే, ఈ సంగతి తెలియనివారే. వారిని పట్టుకొని జరిమానా వేసేముందు మూడు నెలల గడువిచ్చి, ఎల్లో బోర్డుకు మారడానికి పన్ను తేడా, పర్మిటు, బీమా మార్పు మూడూ ఒకేచోట పూర్తిచేసే సౌకర్యం కల్పించాలి. ఈలోగా జరిగిన బండి డ్యామేజీ క్లెయిములను మొత్తంగా తిరస్కరించకుండా, 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు అనుసరించిన పద్ధతిలో 75 శాతం మేరకు పరిష్కరించమని బీమా సంస్థలను కోరాలి.

7. క్లెయిము తేలేవరకు కిస్తీ మీద జరిమానా వడ్డీ వేయకుండా, బండి లాక్కుపోకుండా ఫైనాన్సు సంస్థలతో ఒప్పందం కుదర్చాలి. క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయరును పెట్టాలి, 15 రోజుల్లో అతని నివేదిక రావాలి, ఆపై 7 రోజుల్లో బీమా సంస్థ నిర్ణయం చెప్పాలి అని 2024లో నియంత్రణ సంస్థ నిర్దేశించింది. ఈ లెక్కన నెల లోపే తేలాలి. బండి షెడ్డులో నిలబడ్డ ప్రతి రోజూ మాకు కిరాయి ఉండదు, కిస్తీ మాత్రం ఉంటుంది. ఆలస్యం బీమా సంస్థదైనప్పుడు శిక్ష డ్రైవరుకు పడటం సరికాదు.

8. ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స అందించే దవాఖానల పేర్లను ప్రతి అడ్డాలో, బస్టాండులో బోర్డుగా పెట్టించాలి. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం ప్రతి బాధితుడికీ ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల వరకు చికిత్స ఉచితం. గాయపడిన డ్రైవరు కూడా బాధితుడే. తప్పు అతనిదా కాదా అన్న ప్రశ్న స్ట్రెచర్ దగ్గర రాకూడదని దవాఖానలకు స్పష్టం చేయాలి.

9. వడ్లు ఆరబోయడానికి కల్లాలు, ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర స్థలం పెంచాలి. కోతల కాలంలో రాత్రిపూట రోడ్డు మీద రాళ్లు లేకుండా పంచాయతీ సిబ్బంది చూడాలి. రోడ్డు పక్క బావులకు అడ్డుగోడలు కట్టించాలి. రైతుకు వేరే చోటు చూపకుండా రోడ్డు మీంచి వెళ్లగొట్టమని మేము అడగము, వారు మా ఇంటివారే.

10. టాక్సీల థర్డ్ పార్టీ ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ తగ్గింపు కోసం రాష్ట్ర ప్రభుత్వం ద్వారా జీఎస్టీ మండలికి మా విన్నపం పంపాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాపై పన్ను పూర్తిగా తీసివేశారు. సరుకు వాహనాల థర్డ్ పార్టీ బీమాపై 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. చట్టం తప్పనిసరి చేసిన బీమాపై సరుకు మోసేవారికి ఒక రేటు, మనుషులను మోసేవారికి మరొక రేటు ఉండటాన్ని పునరాలోచించాలి.

11. మూడు నెలలకోసారి కొడకండ్ల రైతువేదికలో బీమా అదాలత్ జరపాలి. రాష్ట్రంలో మొదటి రైతువేదికగా 2020 అక్టోబరు 31న ప్రారంభమైన భవనం అది. కొత్తగా కట్టవలసింది ఏమీ లేదు. రవాణా, కార్మిక, పోలీసు శాఖలవారు, బీమా సంస్థల ప్రతినిధులు ఒక పూట కూర్చుంటే పెండింగు కేసులు అక్కడికక్కడే కదులుతాయి. బీమా సంస్థ నెలలోపు జవాబివ్వకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి రుసుము లేకుండా వెళ్లవచ్చని, బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255కు ఫోన్ చేయవచ్చని మాలో తెలిసినవారు చాలా తక్కువ. ఆ ఫిర్యాదులు రాయించే పని ఈ అదాలత్‌లో జరగాలి.

మా వంతుగా మేము చేయగలిగినవి కూడా తమ ముందుంచుతున్నాము. అడ్డాలోని ప్రతి బండి ఆర్సీ, పాలసీ, పర్మిటు, ఫిట్‌నెస్, లైసెన్సు గడువు తేదీలతో ఒక రిజిస్టరు రాస్తాము, అధికారులు ఎప్పుడడిగినా చూపిస్తాము. బీమా లేని బండికి అడ్డాలో వరుస ఇవ్వము. సీట్లకు మించి ఎక్కించము, తాగి స్టీరింగ్ పట్టినవారిని మాలో ఉంచుకోము. ప్రమాదం జరిగితే పారిపోకుండా మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెప్పినట్టు గాయపడినవారిని దవాఖానకు చేర్చి, పోలీసులకు, బీమా సంస్థకు కబురు చేస్తాము. ఆ సమయంలో జనం దాడి నుంచి మాకు రక్షణ కల్పించే బాధ్యత పోలీసులది.

పై కోరికల్లో 1, 2, 4, 5, 7, 8, 9, 11 జిల్లా స్థాయిలోనే తీరగలవు. 6వ దానిలో ఒకేచోట సౌకర్యం కూడా అంతే. మిగిలినవి తమ సిఫారసుతో ప్రభుత్వానికి పోవలసినవి. ఈ పత్రం అందిన 30 రోజుల్లోగా ఏ కోరికపై ఏ చర్య తీసుకున్నారో, ఏది ఎందుకు కుదరదో అంశాలవారీగా లిఖిత జవాబు ఇవ్వవలసిందిగా, సంబంధిత శాఖల అధికారులతో మా ప్రతినిధులకు ఒక సమావేశం ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. కుదరదన్న జవాబుకు కారణం చెబితే దానిపై మా వాదన వినిపించడానికి కాగితాలతో వస్తాము.

ఇట్లు,
కొడకండ్ల మండల టాక్సీ, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లు, ఓనర్లు
(సంతకాలు విడి పత్రంలో జతపరచడమైనది)

స్థలం: కొడకండ్ల, జనగామ జిల్లా

ప్రతులు: జిల్లా రవాణా అధికారి, జనగామ, కార్మిక శాఖ జిల్లా అధికారి, వరంగల్ పోలీస్ కమిషనర్, లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్, కార్యదర్శి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ, తహసీల్దార్, కొడకండ్ల.